నొప్పికి ఎన్ని పేర్లు: ఆళ్లగడ్డ బడిలో ఇంగ్లీషు మాటలు

ఇంగ్లీషు టీచర్లుగా కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడటానికి వస్తే అందరూ ఒకటే అడుగుతారు. "పిల్లలకు మంచి ఇంగ్లీషు మాటలు ఎట్లా వస్తాయి టీచర్? ఎన్ని చెప్పినా నిలవడం లేదు" అని. నేను చెప్పే జవాబు కొంచెం పొడుగు. అందుకే రాసి పెడుతున్నాను.

నాకు ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చింది, ఏ ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు అనేవి ఇందులో ఉండవు. అవి మీకు పనికిరావు. నేను ఈ పని నేర్చుకున్నది నంద్యాలలో, ఆళ్లగడ్డలో, 1953కూ 1960కీ మధ్య. ఆ తర్వాత చాలా ఊళ్లలో చెప్పాను గానీ కొత్తగా నేర్చుకున్నది తక్కువ. కాబట్టి ఆ రోజుల గురించే చెబుతాను.

నంద్యాలలో ఒక వ్యాసం

1953లో నంద్యాలలో ఒక ఆడపిల్లల బడిలో చేరాను. మా నాయన చర్చి బడిలో మాస్టరు. మా ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం అంటే అలమారలో ఉండేది కాదు, చేతిలో ఉండేది. ఆ ధీమాతోనే వెళ్లాను.

ఆ బడిలో అప్పటికే ఒక పద్ధతి నడుస్తోంది. చిన్న మాటకు బదులు పెద్ద మాట. 'బిగిన్' అనకుండా 'కమెన్స్', 'ఎండ్' అనకుండా 'టెర్మినేట్'. పిల్లలు వాటిని జంటలు జంటలుగా వల్లె వేసేవాళ్లు. పరీక్షలు దిద్దేవాళ్లకు పెద్ద మాటలు ఇష్టమని అందరి నమ్మకం.

ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ గ్రేసమ్మ గారు నన్ను గదిలోకి పిలిచి ఒక వ్యాసం చదవమన్నారు. ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్ల రాసింది. వాళ్ల అవ్వ పోయిన సంగతి. మొదటి వాక్యమే, "మై గ్రాండ్‌మదర్ టెర్మినేటెడ్ ఆన్ ఫ్రైడే."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఈ పాపను పెంచింది ఆ అవ్వే. మూడు దినాలు అన్నం ముట్టలేదంట. ఆ దుఃఖం ఈ కాగితంలో యాడుందో చూపించు" అన్నారు.

ఎంత వెతికినా కనపడలేదు. అన్నీ పెద్ద మాటలే. అవ్వ ఒక్కతే లేదు.

"మాటకు అర్థం చెప్పినాం. ఆ మాట యాడ కూర్చుంటుందో, యాడ కూర్చోదో చెప్పలేదు. పాప తప్పేముంది?" అన్నారు గ్రేసమ్మ గారు. నా ఉద్యోగంలో ఇంతకంటే పనికొచ్చే సంగతి ఎవరూ చెప్పలేదు. ఎక్కువ మాటలు రావడం ఒకటి, తగిన మాట రావడం ఇంకొకటి. పిల్లలకు కావలసింది రెండోది. అది వచ్చాక మొదటిది దానంతట అదే వస్తుంది.

రేగడి నడక

కొన్నేళ్లకు నన్ను ఆళ్లగడ్డ హైస్కూలుకు వేశారు. హెడ్మాస్టరు రాఘవరావు గారు. తెల్లని పంచె, నల్ల కోటు, చేతిలో బెత్తం. పైకి కఠినం గానీ పిల్లల మీద ఆపేక్ష ఉన్న మనిషి. ఆయనకు ఒకటే దిగులు. మా బడిలో బాగా చదివిన పిల్లలు కాలేజీకి పోయి, అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో చెబుతుంటే అర్థం కాక, పండుగ సెలవులకు వచ్చి మళ్లీ వెళ్లేవాళ్లు కాదు. వాళ్లు నాయనల వెనక చేనికి పోతుంటే ఆయన చూడలేకపోయేవారు.

ఆయన కనిపెట్టిన మందు డిక్షనరీ. రోజూ పది మాటలు బోర్డు మీద రాయించాలి, మరుసటి రోజు అప్పజెప్పించాలి. 'ఏ'తో మొదలుపెట్టారు. నేను చేరేనాటికి బడిలో ఆఖరి తరగతి అయిన సిక్స్త్ ఫారం వాళ్లు 'సి' దగ్గర ఉన్నారు. 'ఏ' మొత్తం మరిచిపోయారు.

"సార్, ఈ గంట నాకు వదిలేయండి. నా పద్ధతిలో చెప్పి చూస్తాను" అన్నాను.

"ఏం పద్ధతమ్మా?"

"వాళ్లకు తెలిసినదాన్నుంచి మొదలుపెడతానండి."

ఆయన బెత్తం బల్ల మీద పెట్టి, "పరీక్షలో తేడా వస్తే మాత్రం నిన్నే అడుగుతా" అన్నారు. సరే అన్నాను.

మొదట నడకతో మొదలుపెట్టాను. వానాకాలం. ఆ ప్రాంతమంతా నల్లరేగడి. తడిసిందంటే చెప్పులకు బంక మాదిరి అంటుకుని ఒక్కో కాలూ బరువెక్కుతుంది. పల్లెల నుంచి వచ్చే పిల్లలు అట్లాగే ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లు. ఒక పిల్లవాణ్ణి లేపి, "పొద్దున చేలో ఎట్లా నడిచి వచ్చినావో నడిచి చూపించు" అన్నాను. వాడు కాళ్లు పెకలించుకుంటూ నడిచాడు. క్లాసంతా నవ్వింది. "దీన్ని 'ట్రడ్జ్' అంటారు" అన్నాను. ఇంకొకణ్ణి లేపి, సాయంత్రం బస్సులు చూడటానికి రోడ్డు మీదికి పోయే నడక నడవమన్నాను. అది 'స్ట్రోల్'. కాలిలో ముల్లు గుచ్చుకున్న నడక 'లింప్'.

ఆ మాటలు ఎవరూ మరిచిపోలేదు. మరిచిపోవాలన్నా వాన పడినప్పుడల్లా గుర్తొచ్చేవి.

పిల్లలకు ఇంగ్లీషులో మాటలు లేవని మనం అనుకుంటాం. వాళ్లకు తెలుగులో బోలెడన్ని ఉన్నాయని మరిచిపోతాం. తేడా తెలిసినవాడికి మాట నేర్పడం సులువు. తేడా తెలియనివాడికి డిక్షనరీ మొత్తం మింగించినా ఒకటే.

సుబ్బారెడ్డి కోపం

తర్వాత నొప్పులు. "రేపు మీ ఇండ్లల్లో పెద్దవాళ్లను అడిగి, నొప్పికి ఎన్ని పేర్లున్నాయో తెలుసుకుని రండి" అన్నాను.

మరునాడు బోర్డు చాలలేదు. సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు, మెలిపెట్టుడు, తిమ్మిరి. ముందు బెంచీలో కూర్చునే నరసమ్మ అందరికంటే ఎక్కువ తెచ్చింది. ఊరికి దగ్గర్లోని పల్లెలో భూములున్న సుబ్బారెడ్డి కూతురు. సిక్స్త్ ఫారం దాకా వచ్చిన ఆడపిల్లలు ఆ బడిలో నలుగురైదుగురే. ఆ పిల్ల మాట తక్కువ, చెవులు ఎక్కువ.

"మా అవ్వ మూగనొప్పి అని కూడా అంటాది టీచర్."

"అంటే ఎట్లుంటుంది?"

"అరిపించదు. లోపలే కూచుని ఉంటాదంట. పని చేసుకోవచ్చు గానీ మరిచిపోలేమంట."

అంత చక్కగా చెబితే ఇక నా పనేముంది? 'డల్ ఏక్' అని పక్కన రాశాను. సలుపుకు 'త్రాబింగ్', పోటుకు 'స్టాబింగ్', మెలిపెట్టే నొప్పికి 'క్రాంపింగ్'. ఒక్కొక్కటి ఒంట్లో ఎక్కడ వస్తుంది, ఎప్పుడు వస్తుంది అని వాళ్లచేతే వాక్యాలు చెప్పించాను. నొప్పి ఒకచోట మొదలై ఇంకొకచోటికి పోతే ఏమనాలి, విడిచి విడిచి వస్తే ఏమనాలి, ఒకటే పట్టుగా ఉంటే ఏమనాలి, అన్నీ.

రెండో రోజు సుబ్బారెడ్డి బడికి వచ్చాడు. పొడవాటి మనిషి, భుజాన కండువా. హెడ్మాస్టరు గది బయటికే ఆయన గొంతు వినపడింది.

"ఏందీ సార్ ఇది? మా ఆడోళ్ల నొప్పులు మీ బడి బోర్డు మీద రాస్తాండారంట! ఇంగ్లీషు నేర్పమని పంపిస్తే ఇంట్లో గుట్టు అడుగుతాండారా?"

నేను లోపలికి వెళ్లాను. "ఎవరి నొప్పి అని రాయలేదండి. నొప్పి పేరే రాసినాం" అన్నాను.

"పేరు ఎందుకమ్మా నొప్పికి? నొస్తే నొస్తాది. పరీక్షలో అడుగుతారా అది?"

రాఘవరావు గారు నా వైపు చూశారు. ఆయన మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే.

"పరీక్షలో అడగరు. కానీ ఈ మాటలు నేర్చిన పిల్ల రేపు ఏ పుస్తకం చదివినా తేడా పట్టుకుంటుంది. తేడా పట్టుకోవడమే చదువు" అన్నాను.

"ఆ తేడాలు నా బిడ్డకు అక్కర్లేదు" అని సుబ్బారెడ్డి కండువా సర్దుకున్నాడు. "ఇంగోసారి ఇట్లాంటివి చెప్తే బడి మాన్పిస్తా. చెప్తాండా ఇప్పుడే."

ఆయన పోయాక రాఘవరావు గారు నెమ్మదిగా అన్నారు. "ఆ పిల్ల పోతే వెనక ఇంకో ఇద్దరు పోతారమ్మా. ఆడపిల్లల బెంచీ ఖాళీ అవుతుంది. నొప్పుల పాఠం ఆపేయ్."

ఇక్కడ పైఅధికారుల గురించి ఒక మాట. ఆయన చెప్పింది భయంతో కాదు, లెక్క తప్పకుండా ఆలోచించి చెప్పారు. నాకు నచ్చలేదు గానీ ఆయన వైపు నుంచి న్యాయమే. వాదించి గెలవాలని చూడలేదు. నొప్పులు ఆపి, రాళ్లు చెక్కే వీధికి పిల్లలను తీసుకుపోయి ఉలి మాటలు మొదలుపెట్టాను. పద్ధతి మాత్రం మార్చలేదు. పై అధికారి మీరు చెప్పే విషయాన్ని ఆపవచ్చు. మీరు చెప్పే తీరును ఆపడం అంత సులువు కాదు.

డాక్టరమ్మ ముందు

ఆ తర్వాత కొన్ని వారాలకు జరిగింది ఇది. నేను అక్కడ లేను. నరసమ్మ, సుబ్బారెడ్డి, డాక్టరమ్మ తర్వాత నాకు చెప్పినవి కలిపి చెబుతున్నాను.

నరసమ్మ తల్లి ఓబులమ్మ పత్తి చేలో ఉండగా బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఎండ దెబ్బ అనుకున్నారు. సాయంత్రానికి వాంతి. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది, మనిషి నిటారుగా నిలబడలేక కుడిపక్కకు వంగి ఉంది. అవ్వ ఆముదం పట్టిద్దామని గిన్నె తెచ్చింది. సుబ్బారెడ్డికి ఎందుకో భయమేసి, ఆ గిన్నె పక్కన పెట్టించి, పెండ్లాన్ని బండిలో ఆళ్లగడ్డ దాకా, అక్కడి నుంచి బస్సులో నంద్యాలకు తీసుకుపోయాడు. తోడుగా కూతురు.

నంద్యాల ఆసుపత్రిలో ఆ రోజు చూస్తున్నది డాక్టరు అన్నమ్మ. కేరళ నుంచి కొత్తగా వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాదు. పక్కన ఒక ఆయా తెలుగు విని ఇంగ్లీషులో చెబుతుంది. ఆ ఆయాకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం. వరండా నిండా జనం.

ఓబులమ్మ నొప్పి చెప్పుకుంది. నిన్న ఎట్లుందో, ఇప్పుడు ఎట్లుందో, ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో అన్నీ చెప్పింది. ఆయా వినింది. డాక్టరు వైపు తిరిగి, "స్టమక్ పెయిన్, అమ్మా" అంది.

పొద్దుటి నుంచి కడుపునొప్పులు చూసి చూసి అలసిపోయిన డాక్టరు కడుపుబ్బరానికి మందు రాయడం మొదలుపెట్టింది.

నరసమ్మ ముందుకు వచ్చింది. ఆ పిల్ల అప్పటిదాకా బడి బయట ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడలేదు.

"నాట్ ఒన్ పెయిన్, డాక్టర్" అంది. తన బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఎస్టర్‌డే, డల్ ఏక్. హియర్." చెయ్యి కుడిపక్క కిందికి జరిపింది. "టుడే, స్టాబింగ్. హియర్. ఇట్ మూవ్డ్."

నిన్న ఇక్కడ మూగనొప్పి, ఇవ్వాళ ఇక్కడ పోటు, నొప్పి చోటు మారింది. అంతే ఆమె చెప్పింది. వ్యాకరణం చూస్తే మార్కులు పడవు. కానీ డాక్టరు కలం ఆగిపోయింది.

"కాన్‌స్టంట్? ఆర్ డజ్ ఇట్ కమ్ అండ్ గో?"

నరసమ్మ తల్లి వైపు వంగింది. "మా, విడిచి విడిచి వస్తాందా, ఒకటే పట్టుగా ఉందా?"

"ఒకటే పట్టు మే. కదిలితే ప్రాణం పోతాంది."

"కాన్‌స్టంట్, డాక్టర్. వెన్ షి మూవ్స్, వర్స్."

డాక్టరు లేచి ఓబులమ్మను బల్ల మీద పడుకోబెట్టింది. కుడిపక్క కింద మెల్లగా నొక్కి, చటుక్కున వదిలింది. నొక్కినప్పటికంటే వదిలినప్పుడు ఓబులమ్మ గట్టిగా అరిచింది. డాక్టరు ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. సర్జన్‌కు కబురు పెట్టింది.

లోపల పేగుకు అంటుకుని ఉండే చిన్న తిత్తి వాచి చీము పట్టిందని, అది పగిలేలోపల కోసి తీసేయాలని, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని డాక్టరు చిన్న చిన్న మాటల్లో, చేత్తో చూపిస్తూ చెప్పింది; నరసమ్మ అది విని తండ్రికి తెలుగులో చెప్పింది. సుబ్బారెడ్డి గోడకు ఆనుకున్నాడు.

"కడుపు కోస్తారా?"

"కోస్తారు నాయనా."

"ఆయమ్మ చెప్పేది నీకు బాగా అర్థమైందా? యాడా తప్పిపోలేదు గదా?"

"తప్పిపోలేదు నాయనా."

ఆ మనిషి తన కూతురి మొహం వైపు చాలాసేపు చూశాడట. ఆ రోజు ఆయన దగ్గర వేరే ఆధారం ఏదీ లేదు. డాక్టరు మాట తెలియదు, రోగం తెలియదు, ఊరు కాని ఊరు. ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

"అయితే కానీమను" అన్నాడు.

దురద

నంద్యాలలో మా అమ్మ ఉండేది. ఆదివారం ఆమెను చూడటానికి పోయినప్పుడు ఆసుపత్రికి కూడా వెళ్లాను. ఓబులమ్మకు గండం గడిచింది గానీ జ్వరం ఇంకా తగ్గలేదు. ఆ వారమంతా నాకు బడిలో మనసు లేదు.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఇంగ నొస్తాండ్లా టీచరమ్మా. కుట్లకాడ మాత్రం ఒకటే నస. గీరుకోవాల అనిపిస్తాంది" అంది.

అప్పుడే డాక్టరు అన్నమ్మ వచ్చింది. ఎట్లుందని అడిగింది. నేను నోరు తెరవబోయి, ఆగి, నరసమ్మ వైపు చూశాను.

"ఇచింగ్, డాక్టర్" అంది నరసమ్మ.

డాక్టరు పెద్దగా నవ్వింది. దురద పెడుతోందంటే గాయం మానుతోందని అర్థం అంది. నరసమ్మ అది తెలుగులో చెప్పేసరికి ఓబులమ్మ కూడా నవ్వబోయి, కుట్లు గుంజి, కడుపు పట్టుకుంది.

వరండాలో డాక్టరు నాతో మాట్లాడింది. "ఆ అమ్మాయికి ఇంగ్లీషు అంతగా రాదు. కానీ నాకు కావలసిన మాటలు వచ్చు. డల్, స్టాబింగ్, మూవ్డ్. ఆ మూడు వినగానే రోగం సగం తెలిసింది" అంది.

సుబ్బారెడ్డి వరండా చివర నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ నొప్పుల పాఠం ఆపినారంట గదా."

"ఆపినామండి."

"నా మీద కోపంతోనా?"

"కోపం కాదు. పిల్లను మాన్పిస్తారేమోనని."

ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు. "మాన్పించను. యాడిదాకా చదువుతాదో చదవనీ. మీరు ఆ పాఠం చెప్పండి. హెడ్మాస్టరుకు నేను చెప్తా."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. సోమవారం బడి గంట కొట్టకముందే వచ్చి రాఘవరావు గారి గదిలో కూర్చున్నాడు.

తర్వాత

నరసమ్మకు పరీక్షలో ఇంగ్లీషులో గొప్ప మార్కులేమీ రాలేదు. మధ్యస్థంగా పాసయింది. సుబ్బారెడ్డి కర్నూలులో బంధువుల ఇంట్లో పెట్టి కాలేజీలో చేర్పించాడు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు నన్ను చూడటానికి బడికే వచ్చింది. పాఠాలు అర్థమవుతున్నాయా అంటే, "అన్ని మాటలూ తెలియవు టీచర్. కానీ తెలియని మాట ఏదో తెలుస్తాంది. దాన్ని పట్టుకుని పోతాండా" అంది. ఇంతకంటే మంచి విద్యార్థి లక్షణం నాకు తెలియదు. సెలవులు కాగానే మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత ఏడాది మా బడి నుంచి వెళ్లినవాళ్లు కూడా ఎక్కువమంది కాలేజీలో నిలిచారు.

మీకు చెప్పేది ఇంతే. పుస్తకం చివర ఉన్న కఠిన పదాలతో మొదలుపెట్టకండి. పిల్లల ఇంట్లో, చేలో, ఒంట్లో ఏముందో అడగండి. వాళ్లు తెచ్చిన మాటను ముందు గౌరవించండి, తర్వాత దానికి ఇంగ్లీషులో జత వెతకండి. ఒక్కోసారి జత దొరకదు. దొరకలేదని చెప్పండి. అది కూడా పాఠమే. ఇది నిదానంగా సాగే పని. బోర్డు నిండా మాటలు రాసిన టీచరు ఎక్కువ చెప్పినట్టు కనపడుతుంది. కనపడనివ్వండి.

సుబ్బారెడ్డి వచ్చి మాట్లాడిన ఆ సోమవారమే రాఘవరావు గారు డిక్షనరీ గంటను పూర్తిగా నాకు వదిలేశారు. నొప్పుల పాఠం ఈసారి ఫిఫ్త్ ఫారం వాళ్లకు కూడా కలిపి చెప్పమన్నారు. ఆ రోజు ఆయన కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు మొదట భయపడ్డారు. తర్వాత మామూలయ్యారు. పాఠం అయిపోయి అందరూ పోతుంటే ఆయన మాత్రం లేవలేదు. బెంచీ మీద చెయ్యి ఆనించి, కొంచెం సిగ్గుగా అడిగారు.

"ఏమమ్మా, నాకు మెట్లు దిగేటప్పుడు మోకాలు ఉన్నట్టుండి కలుక్కుమంటుంది. ఒక్క క్షణం. మళ్లీ ఏమీ ఉండదు. దానికి ఏదైనా మాట ఉందా?"

"ఉందండి. 'ట్వింజ్' అంటారు."

"ట్వింజ్" అన్నారు. మోకాలు మీద చెయ్యి పెట్టుకుని ఇంకొకసారి అన్నారు. "ట్వింజ్. సరిగ్గా అట్లాగే ఉంటుందమ్మా."